స్టెనో కుర్చీ, కాపీరైటర్ గది, మధ్యలో ప్రేమలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో అడ్వర్టైజింగ్ ఏజెన్సీలు ఎలా పెరిగాయో చెప్పే కథలన్నిటిలో ఒక అమ్మాయి తప్పకుండా కనిపిస్తుంది. చిన్న ఊరి నుంచి వస్తుంది. స్టెనోగా చేరుతుంది. ఆఫీసులోనే ఎవరినో ప్రేమిస్తుంది. కొన్నాళ్లకు పేరున్న కాపీరైటర్, అంటే ప్రకటనల్లో మాటలు రాసే మనిషి, అవుతుంది. ఆమె గురించి జనం రెండు రకాలుగా మాట్లాడతారు. సొంత తెలివితో పైకొచ్చిందని కొందరు, మగవాళ్లను పట్టుకుని పైకొచ్చిందని కొందరు. ఏది నిజమో తేల్చుకునే హడావిడిలో అసలు ప్రశ్న పక్కకు పోతుంది. ఆమె ఉద్యోగం, ఆమె ప్రేమ అంతగా ఎందుకు ముడిపడ్డాయి? ఆ ముడి ఆమె వేసుకున్నది కాదు. జీతాలు, ప్రమోషన్లు, పెళ్లి, చట్టం అన్నీ కలిసి వేసినది. దాన్ని విప్పి చూడకుండా ఆ అమ్మాయిల గుణగణాలు తూచడం అన్యాయం.

హెలెన్ గర్లీ సంగతి తీసుకుందాం. పెళ్లయ్యాక హెలెన్ గర్లీ బ్రౌన్‌గా, కాస్మోపాలిటన్ పత్రిక ఎడిటర్‌గా ప్రపంచానికి తెలిసింది. అంతకుముందు ఇరవై ఏళ్లూ ఆఫీసుల్లో ఎవరో ఒకరి కింద పనిచేసిన మనిషే. 1922లో ఆర్కన్సా రాష్ట్రంలో గ్రీన్ ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పదేళ్లప్పుడు తండ్రి లిఫ్టు ప్రమాదంలో చనిపోయాడు. కొన్నేళ్లకు తల్లి ఇద్దరు కూతుళ్లనీ వెంటబెట్టుకుని లాస్ ఏంజెలెస్ చేరింది. అక్కడ అక్క మేరీకి పోలియో వచ్చింది, ఇక జీవితమంతా చక్రాల కుర్చీలోనే. హెలెన్ హైస్కూల్లో క్లాసు ఫస్టు. కానీ డిగ్రీ పూర్తిచేసే స్తోమత ఇంట్లో లేదు. సెక్రటరీ కోర్సు చేసి సంపాదనలో పడింది. తల్లి, అక్క ఇద్దరి ఖర్చూ ఆమె మీదే.

మన టౌన్లలో ఒకప్పుడు టైపు లోయరు, హయ్యరు, షార్ట్‌హ్యాండ్ పాసైతే ఆడపిల్లకి ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరుకుతుందనే నమ్మకం ఉండేది కదా, అక్కడా అంతే. తేడా ఏమిటంటే, క్లాసు ఫస్టు వచ్చిన అమ్మాయికీ ఆ కుర్చీయే, అత్తెసరు మార్కులతో గట్టెక్కిన అమ్మాయికీ ఆ కుర్చీయే. అప్పటి అమెరికన్ దినపత్రికల్లో ఉద్యోగ ప్రకటనలు రెండు వేర్వేరు కాలమ్‌లలో వచ్చేవి: మగవాళ్లు కావలెను, ఆడవాళ్లు కావలెను. మొదటి దాంట్లో మేనేజరు, ట్రెయినీ, సేల్స్ ఉద్యోగాలు. రెండో దాంట్లో స్టెనోలు, రిసెప్షనిస్టులు, టైపిస్టులు. న్యూయార్క్ టైమ్స్ ఈ పద్ధతిని 1968 చివర్లో మానుకుంది. 1973లో సుప్రీంకోర్టు, ఇలాంటి కాలమ్‌లను నిషేధించిన పిట్స్‌బర్గ్ నగర చట్టం చెల్లుతుందని తీర్పిచ్చాక దేశమంతటా ఆగిపోయింది. అంతదాకా ఒక అమ్మాయి ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలో పేపరే నిర్ణయించేసేది.

అలా మొత్తం పదిహేడు సెక్రటరీ ఉద్యోగాలు చేశానని హెలెన్ తర్వాత చెప్పుకుంది. 1948లో ఫుట్, కోన్ అండ్ బెల్డింగ్ ఏజెన్సీ లాస్ ఏంజెలెస్ ఆఫీసులో చేరింది. బాస్ డాన్ బెల్డింగ్, ఏజెన్సీ పేరులోని మూడో భాగస్వామి ఆయనే. సెక్రటరీ పనంటే డిక్టేషన్ తీసుకోవడం, ఉత్తరాలు టైపు చేయడం, ఫోన్లు చూడటం అని బయటివాళ్లు అనుకుంటారు. అసలు పని వేరే ఉంది. బాస్‌కి ఎవరంటే గిట్టదో, ఏ క్లయింటు దగ్గర ఏ మాట ఎత్తకూడదో, ఆయన కోపం ఎంతసేపటికి చల్లారుతుందో అన్నీ ఆమెకు తెలియాలి. ఆఫీసులో ఆమెకు సొంత హోదా అంటూ ఏమీ ఉండదు. బాస్ పెద్దవాడైతే ఆమె పెద్ద సెక్రటరీ. ఆయన బయటికి పోతే ఆమె కుర్చీ కూడా కదులుతుంది. ఒక ఉద్యోగం మొత్తం ఒకే మగవాడి ప్రాపకం మీద ఆధారపడటం అంటే ఇదే. తర్వాత మొదలయ్యే చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నేననుకుంటాను.

బెల్డింగ్ ఊళ్లు తిరిగేటప్పుడు హెలెన్ ఆయనకు ఆఫీసు కబుర్లతో ఉత్తరాలు రాసేది. అవి ఆయన భార్య కూడా చదివేది. ఈ అమ్మాయి ఇంత బాగా రాస్తుంటే టైపింగ్‌లో ఎందుకు కూర్చోబెట్టారు, కాపీ రాయనివ్వమని ఆవిడ భర్తకు చెప్పింది. ఇంకోపక్క గ్లామర్ పత్రిక పెట్టిన పోటీకి నింపిన ఫారంలో హెలెన్ తన ఆశయం కాపీరైటర్ కావడమని రాసింది. 1953లో ఆ పోటీ గెలిచింది. ఆ పత్రికవాళ్లు కూడా బెల్డింగ్‌కి నచ్చజెప్పాక ఆమెకు కాపీ రాసే పని దొరికింది. చేరిన అయిదేళ్లకు వచ్చిన అవకాశం అది. రోజూ పక్క గదిలో కూర్చుని ఆమె రాసింది చదివే మనిషికి ఆమెలోని రచయిత కనబడలేదు. ఇంట్లో కూర్చున్న ఆయన భార్యకి కనబడింది. కాలేజీ చదివిన కుర్రవాడు ఏజెన్సీలో ఉత్తరాలు పంచే మెయిల్‌రూమ్‌లో చేరినా, అది పైమెట్టుకి మొదటి మెట్టని అందరికీ తెలుసు. స్టెనో కుర్చీకి పైన మెట్టే లేదు. ఎవరైనా చెయ్యిపట్టి పక్క మెట్ల మీదికి లాగాలి.

ఆ లాగే చెయ్యి దాదాపు ఎప్పుడూ మగవాడిదే అయ్యేది. ఎందుకో అర్థం కావాలంటే ఏజెన్సీకి డబ్బు ఎలా వచ్చేదో తెలియాలి. సబ్బుల కంపెనీ ఒక పత్రికలో లక్ష డాలర్ల ప్రకటన వేస్తే, అందులో 15 శాతం, అంటే 15 వేలు, పత్రిక నుంచి ఏజెన్సీకి కమిషన్‌గా మిగిలేది. ప్రకటన రాయడానికి, బొమ్మలు వేయడానికి విడిగా ఫీజు పెద్దగా ఉండేది కాదు. కాబట్టి ఏజెన్సీ బతుకంతా క్లయింటు చేజారకుండా చూసుకోవడంలో ఉంది. ఆ పని చేసే అకౌంట్ ఎగ్జిక్యూటివ్‌దే పెత్తనం. క్లయింటుతో ఆయన లంచ్‌కి వెళ్తాడు, గోల్ఫ్ ఆడతాడు, క్లబ్బులో తాగుతాడు. వాటిలో చాలా చోట్లకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. న్యూయార్క్ ప్లాజా హోటల్లోని ఓక్ రూమ్‌లో మామూలు రోజుల్లో లంచ్ వేళ మగవాళ్లనే కూర్చోనిచ్చేవాళ్లు. 1969లో మహిళా సంఘాల వాళ్లు వెళ్లి నిరసన తెలిపాక ఆ నియమం పోయింది. అకౌంట్ వైపు తలుపు ఆడవాళ్లకు మూసుకుపోవడానికి వాళ్ల సామర్థ్యం కారణం కాదు. వ్యాపారం నడిచే భోజనాల బల్ల దగ్గర వాళ్లకు కుర్చీ లేదు, అంతే.

రాసే వైపు మాత్రం తలుపు కొంచెం తెరిచి ఉండేది. ఇంటికి సరుకులు కొనేది ఆడవాళ్లు కాబట్టి, వాళ్లతో మాట్లాడటానికి ఆడవాళ్లే కావాలని ఏజెన్సీలు చాలా ముందే గ్రహించాయి. జె. వాల్టర్ థాంప్సన్ ఏజెన్సీలో హెలెన్ లాన్స్‌డౌన్ 1908లోనే కాపీరైటర్. 1911లో వుడ్‌బరీ సబ్బుకి ఆమె చేసిన ప్రకటనలు అమెరికన్ అడ్వర్టైజింగ్ చరిత్రలో మైలురాళ్లు. 1917లో ఆమె ఏజెన్సీ అధిపతి స్టాన్లీ రీజర్‌నే పెళ్లి చేసుకుంది, తర్వాత ఆడ కాపీరైటర్లతో ఒక ప్రత్యేక విభాగాన్నే నడిపింది. అక్కడి మహిళా కాపీరైటర్లు ఆఫీసులో కూడా తలమీద టోపీ పెట్టుకునే ఉండేవాళ్లట. వీళ్లు సెక్రటరీలు కారని వచ్చేపోయేవాళ్లకు తెలియాలి మరి. ఆడమనిషి కనబడగానే కాఫీ అడగడం అందరికీ అలవాటైన చోట ఆ టోపీయే ఆమె నేమ్ ప్లేటు.

అయితే వీళ్లకు దక్కినవి సబ్బులు, క్రీములు, వంటింటి డబ్బాలు. కార్లు, టైర్లు, సిగరెట్లు, బ్యాంకులు మగవాళ్లకి. ఒక్కో క్లయింటు ప్రకటనల పనిని ఏజెన్సీలో ఒక పద్దు అంటారు. పెద్ద బడ్జెట్ ఉన్న పద్దు ఎవరి చేతిలో ఉంటే పెద్ద జీతం వాళ్లకి.

ఇప్పుడు ప్రేమల దగ్గరికి వద్దాం. 1950లో అమెరికాలో ఆడవాళ్ల తొలి పెళ్లికి మధ్యస్థ వయసు 20.3 ఏళ్లు. 1960లోనూ దాదాపు అంతే. అంటే పెళ్లి చేసుకున్న అమ్మాయిల్లో సగం మంది కాలేజీ వయసు దాటకుండానే చేసుకున్నారు. ఆఫీసు ఉద్యోగం చదువుకీ పెళ్లికీ మధ్య నాలుగు రోజుల మజిలీ అని యజమానులు అనుకునేవాళ్లు. ఎలాగూ వెళ్లిపోయే అమ్మాయికి పని నేర్పించడం దండగని లెక్కేసేవాళ్లు. పని నేర్పించరు, జీతం పెంచరు. ఆ జీతంతో ఒంటరిగా బతకడం కష్టం కాబట్టి ఆమె నిజంగానే పెళ్లి చేసుకుని వెళ్లిపోయేది. చూశారా, మేం ముందే చెప్పలేదా అని మళ్లీ వాళ్లే అనేవాళ్లు. భార్యాభర్తలు ఒకే చోట పనిచేయకూడదనే నియమం చాలా సంస్థల్లో ఉండేది. ఆఫీసులో ప్రేమ పెళ్లిదాకా వస్తే బయటికి నడిచేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పెళ్లి కాకుండా ముప్పై దాటితే ఇంకో రకం కష్టం. సాయంత్రం హోటల్లో బిల్లు మగవాడు కట్టాలి, అదే మర్యాద. ఆడపిల్ల జీతంలో రాత్రి భోజనాలు, సినిమాలు, సెలవుల్లో ప్రయాణాలు లేవు, అవి తోడొచ్చే మగవాడి జీతంలో ఉండేవి. హెలెన్ గర్లీ ఈ విషయాన్ని ఎప్పుడూ దాచుకోలేదు. 1940లలో పెళ్లయిన ఒక ధనవంతుడైన బాస్ తన ఖర్చులు భరించిన సంగతి, అది ఎలా చెడిందన్న సంగతి పెద్దవయసులో తనే రాసింది. ఇది చదివి ముక్కున వేలేసుకునేవాళ్లుంటారు. నేను మాత్రం ఆ ఇంట్లో ఇంకో ఇద్దరు ఆమె సంపాదన మీదే బతుకుతున్నారని గుర్తుపెట్టుకుంటాను. సెక్రటరీ జీతంతో మూడు ప్రాణాలు నిలబెట్టడం ఎలాగో చెప్పగలిగినవాళ్లే ఆమెకు నీతి చెప్పాలి.

కాపీరైటర్ అయ్యాక ఆమె జీవితం మారింది. స్విమ్‌సూట్లకి, సౌందర్య సాధనాలకి ప్రకటనలు రాసింది, ఇంకో ఏజెన్సీకి మారింది, 1960ల మొదట్లో పశ్చిమ తీరంలో మంచి జీతం తీసుకునే కాపీరైటర్లలో ఒకరైంది. పైసా పైసా కూడబెట్టి మెర్సిడెస్ కారు నగదు ఇచ్చి కొనుక్కుంది. సినిమా నిర్మాత డేవిడ్ బ్రౌన్‌కి ఆమెలో నచ్చిన విషయాల్లో అది కూడా ఒకటట. 1959లో పెళ్లి చేసుకునేటప్పుడు ఆమెకు 37 ఏళ్లు. అప్పటి లెక్కలో అది పెళ్లి ఆశ వదిలేసుకునే వయసు. భర్త ప్రోత్సాహంతో, పెళ్లికాని ఉద్యోగస్తురాలు ఎలా బతకాలో చెప్పే పుస్తకం 1962లో రాసింది. అది దేశాన్ని ఊపేసింది. అద్దె ఇల్లు ఎలా సర్దుకోవాలి, డబ్బు ఎలా దాచుకోవాలి, ఆఫీసులో ఎలా ఎదగాలి, ప్రేమ వ్యవహారం ఎలా నడపాలి, అన్నీ ఒకే పుస్తకంలో, ఒకే గొంతుతో. ఆమె అనుభవంలో ఇవి నాలుగు వేర్వేరు సబ్జెక్టులు కావు. గర్భనిరోధం గురించి రాసిన భాగాన్ని మాత్రం ప్రచురణకర్త తీయించేశాడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భనిరోధక మాత్రకు 1960లోనే అనుమతి ఇచ్చింది. కానీ పెళ్లికాని వాళ్లకు అది అందకుండా రాష్ట్రాలు అడ్డుకోకూడదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1972 వచ్చింది. ఆ పన్నెండేళ్లూ చాలా రాష్ట్రాల్లో ఒక స్టెనో ప్రేమలో పడితే, దాని పర్యవసానం మొత్తం ఆమె ఉద్యోగం మీదే పడేది. గర్భం వచ్చిందని తెలిస్తే ఉద్యోగం తీసేయడం మామూలే. దాన్ని నేరుగా నిషేధించిన చట్టం 1978లో వచ్చింది.

హెలెన్‌ని ఎంత గౌరవించినా ఒక విషయంలో నేను ఆమెతో ఏకీభవించలేను. టీనేజీ దాటీ దాటకముందు ఆమె ఒక రేడియో స్టేషన్లో పనిచేసింది. అక్కడి మగ ఉద్యోగులు ఒక ఆట ఆడేవాళ్లు. ఎవరో ఒక అమ్మాయిని ఎంచుకుని, ఆఫీసంతా తరిమి పట్టుకుని, ఆమె లోదుస్తులు లాగేవాళ్లు. 1991లో, ఆఫీసుల్లో లైంగిక వేధింపుల మీద అమెరికా అంతా అట్టుడుకుతున్నప్పుడు, హెలెన్ వాల్ స్ట్రీట్ జర్నల్‌లో ఒక వ్యాసం రాస్తూ ఈ ఆటని సరదాగా తలచుకుంది. ఎవరికీ ఏ హానీ జరగలేదని, తనని ఎప్పుడూ ఎంచుకోలేదని బాధపడ్డానని కూడా రాసింది. తరిమించుకున్న ప్రతి అమ్మాయికీ అది సరదాగానే ఉందని ఆమెకు ఎలా తెలుసు? కాదనే వీలు వాళ్లకు ఉందా? ఆ అమ్మాయిలు అరిచారు, నవ్వారు అని రాస్తే సరిపోదు. ఉద్యోగం ఒకరి దయ మీద నిలబడినప్పుడు మనిషి నవ్వాల్సిన చోట నవ్వుతుంది.

అయినా ఆమెను ఒక్కదాన్నే నిలదీయడం తేలిక. 1940లలో ఆ పనికి పేరు లేదు. లైంగిక వేధింపు అనే మాట 1975లో కార్నెల్ యూనివర్సిటీ దగ్గర పనిచేసిన కొందరు మహిళల వల్ల జనంలోకి వచ్చింది. ఉద్యోగ వివక్షను చూసే ప్రభుత్వ కమిషన్ 1980లో దానిపై మార్గదర్శకాలు ఇచ్చింది. అది చట్టవిరుద్ధమైన వివక్షేనని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. 1955లో ఒక కాపీరైటర్ సాయంత్రం ఆరు దాటాక తలుపు వేసి మాట్లాడే బాస్‌ని భరించలేకపోతే, వెళ్లి ఎవరితో ఏమని చెప్పాలి? తనకు ఇష్టమైన ప్రేమ, తను తట్టుకున్న వేధింపు, తప్పక చేసుకున్న సర్దుబాటు, మూడింటినీ ఒకే రొమాన్స్ పేరుతో పిలవాల్సి వచ్చిన తరం అది.

షర్లీ పొలీకాఫ్ కథలో ఈ ముడి మరో రూపంలో కనిపిస్తుంది. 1908లో బ్రూక్లిన్‌లో ఒక వలస యూదు కుటుంబంలో పుట్టింది. 1955లో ఫుట్, కోన్ అండ్ బెల్డింగ్ న్యూయార్క్ ఆఫీసులో చేరినప్పుడు అక్కడ ఆమె ఒక్కతే మహిళా కాపీరైటర్. ఆమెకు ఇచ్చిన పద్దు క్లెయిరాల్, ఇంట్లోనే వేసుకునే జుట్టు రంగు. అప్పట్లో జుట్టుకి రంగు వేసుకునే ఆడదంటే నాటకాలాడే మనిషో, అంతకంటే తక్కువదో అనుకునేవాళ్లు. షర్లీ మాత్రం పదిహేనేళ్ల వయసు నుంచీ వేయించుకుంటూనే ఉంది. 1933లో, ప్రేమించిన జార్జ్ హాల్పరిన్ వాళ్ల ఊరు తీసుకెళ్లి అమ్మానాన్నలకు పరిచయం చేశాడు. కాబోయే అత్తగారు ఆమెను తేరిపార చూసి కొడుకుని పక్కకు పిలిచి యూదుల ఇడిష్ భాషలో అడిగింది: ఈ పిల్ల జుట్టుకి రంగేసుకుందా, లేదా?

ఇరవై ఏళ్లు దాటాక ఆ ప్రశ్నే ప్రకటన అయింది. డజ్ షీ ఆర్ డజంట్ షీ? ఆమె హెయిర్ డ్రెస్సర్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. లైఫ్ పత్రిక మొదట ఆ ప్రకటన వేయనంది, మొదటి మాటలో వేరే అర్థం ధ్వనిస్తోందని మగ అధికారులు ఇబ్బందిపడ్డారు. మీ ఆఫీసులోని ఆడవాళ్లను అడిగి చూడండి అని ఏజెన్సీ సలహా ఇచ్చింది. అడిగితే ఒక్కరు కూడా అందులో తప్పు అర్థం కనబడుతోందని చెప్పలేదు. ప్రకటన అచ్చయింది. నిజంగా కనబడలేదా? పై అధికారి పిలిచి అడిగితే, నాకు ఆ అర్థం తోచింది సార్ అని చెప్పి తన మీద అనుమానం తెచ్చుకునే టైపిస్టు ఎవరు? ఆ ఆఫీసుల్లో ఆడవాళ్ల నోటిని ఏది కట్టేసేదో షర్లీకి బాగా తెలుసు, ఆమె ప్రకటన ఆ తెలివి మీదే గట్టెక్కింది. ఫొటోల్లో పక్కింటి అమ్మాయిల్లాంటి మోడళ్లని, తల్లీబిడ్డల్ని పెట్టించింది. ప్రశ్నలో కొంటెతనం ఉన్నా పక్కన బిడ్డ ఉంది కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేరు. 1950లలో దాదాపు 7 శాతంగా ఉన్న, జుట్టుకి రంగు వేసుకునే అమెరికన్ మహిళల సంఖ్య 1970ల నాటికి 40 శాతం దాటింది.

ఇంత డబ్బు తెచ్చిపెట్టిన మనిషి జీతం ఎంతో చూడండి. భర్త సంపాదనను తన సంపాదన మించకూడదని, ఏడాదికి 25,000 డాలర్ల దగ్గర ఆపమని షర్లీయే ఏజెన్సీని కోరింది. ఏజెన్సీకి ఇంతకంటే కావాల్సిందేముంది? 1961లో జార్జ్ చనిపోయాక ఆమె జీతాన్ని రెట్టింపు చేశారు, ఆ తర్వాత మళ్లీ రెట్టింపు చేశారు. అంటే ఆమె విలువ ఎంతో అన్నేళ్లూ వాళ్లకు తెలుసు. దీన్ని షర్లీ ప్రేమ అనుకుంది, ప్రేమే అయ్యుండొచ్చు కూడా. జార్జ్ మనసు నొప్పించకూడదనే ఆమె ఆరాటాన్ని తక్కువ చేయను. కానీ ఆ ప్రేమ ఖర్చు కట్టింది ఆమె ఒక్కతే, లాభం వెళ్లింది మూడోవాడికి. దాంపత్యంలోని ఒక సున్నితమైన విషయం కంపెనీ లెక్కల పుస్తకంలో మిగులు కింద చేరిపోయింది.

డోయిల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ వాతావరణం మిగతావాటికంటే చాలా నయం. 1949లో ఏజెన్సీ పెట్టినప్పుడే ఫిలిస్ రాబిన్సన్‌ని కాపీ చీఫ్‌గా కూర్చోబెట్టారు, మగ రచయితలు కూడా ఆమె కిందే పనిచేశారు. 1962లో కూతురు పుట్టాక వారానికి మూడు రోజులే వస్తానంటే సరేనన్నారు. పనిమంతురాలిని వదులుకోకూడదనుకుంటే దారి అప్పుడూ ఉంది. మిగతా ఏజెన్సీలు ఆ దారి వెతకలేదు.

ఆమె కింద పనిచేసిన వాళ్లలో మేరీ వెల్స్ ఒకరు. ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో 1928లో పుట్టి, డిపార్ట్‌మెంట్ స్టోర్ ప్రకటనలు రాయడంతో మొదలుపెట్టి న్యూయార్క్ చేరింది. 1960ల మధ్యకి జాక్ టింకర్ సంస్థలో పేరు మోగిపోయింది. 1965లో బ్రానిఫ్ విమానాల సంస్థకి ఆమె చేసిన పని అందరూ చెప్పుకున్నారు. విమానాలకు ఒక్కోదానికి ఒక్కో రంగు వేయించారు, ఎయిర్ హోస్టెస్‌లకు ఇటలీ ఫ్యాషన్ డిజైనర్ ఎమీలియో పుచ్చీ చేత దుస్తులు డిజైన్ చేయించారు. ఒక టీవీ ప్రకటనలో ఎయిర్ హోస్టెస్ ప్రయాణం పొడవునా తన దుస్తుల్లో ఒక్కో పొరా తీసేస్తూ ఉంటుంది. ఆ ప్రకటన వెనక ఉన్నది ఒక మహిళ అని తెలిసినప్పుడు చాలామంది నొచ్చుకుంటారు, నొచ్చుకోవాలి కూడా. ఆఫీసులో అమ్మాయిలను ఏ చూపుతో చూసేవాళ్లో అదే చూపుని సరుకుగా మార్చి అమ్మగలిగినవాళ్లకే ఆ రంగంలో పై మెట్టు దొరికింది. మేరీ ఆ సరుకుని అందరికంటే బాగా అమ్మింది.

అయినా చాల్లేదు. ఆ ఏజెన్సీకి ప్రెసిడెంట్ పదవి ఇస్తామన్న మాతృసంస్థ అధిపతి మారియన్ హార్పర్ చివరికి మాట మార్చాడు. అధికారం ఇస్తాను, డబ్బిస్తాను, హోదా మాత్రం ఇవ్వలేను, ఆడ ప్రెసిడెంటుకి లోకం ఇంకా సిద్ధంగా లేదన్నాడు. ఆమె బయటికొచ్చి 1966లో ఇద్దరు సహచరులతో వెల్స్ రిచ్ గ్రీన్ అనే సొంత ఏజెన్సీ పెట్టింది. మొదటి క్లయింటు బ్రానిఫే. మరుసటి ఏడాది బ్రానిఫ్ అధిపతి హార్డింగ్ లారెన్స్‌ని పారిస్‌లో పెళ్లి చేసుకుంది. అప్పటికే అందరి నోళ్లూ లేచాయి, పద్దు అందుకే వచ్చిందని. 1968లో ఆమె బ్రానిఫ్ పద్దునే వదిలేసి, అంతకంటే చాలా పెద్దదైన టీడబ్ల్యూఏ విమానాల పద్దు తెచ్చుకుంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో నమోదైన కంపెనీని సీఈఓగా నడిపిన తొలి మహిళగా ఆమె పేరు చెబుతారు. క్లయింటుతో గోల్ఫ్ ఆడి, ఆయన కూతురి పెళ్లికి వెళ్లి, ఆయన క్లబ్బులో సభ్యుడై పద్దు నిలబెట్టుకున్న మగవాడిని ఎవరూ ఏమీ అనలేదు. దానికి వ్యాపార సంబంధం అని పేరు.

చట్టం ఈ ముడిని విప్పిందా అంటే, నిదానంగా, పైపైన. సమాన పనికి సమాన జీతం చట్టం 1963లో వచ్చింది. కానీ ఎగ్జిక్యూటివ్, అడ్మినిస్ట్రేటివ్, ప్రొఫెషనల్ ఉద్యోగాలకు అది వర్తించదని అందులోనే మినహాయింపు. ఆ మినహాయింపు 1972దాకా తీయలేదు. అంటే స్టెనో కుర్చీ వదిలి పైకి ఎక్కిన అమ్మాయి ఆ చట్టం రక్షణ నుంచి కూడా బయటికి జారిపోయే అవకాశం ఉంది. ఉద్యోగాల్లో లింగ వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చినా, మొదట్లో ప్రభుత్వమే దాన్ని గట్టిగా పట్టించుకోలేదు. సొంతంగా వ్యాపారం పెడదామంటే, బ్యాంకులు భర్త సంతకమో తండ్రి సంతకమో అడిగేవి. అప్పు ఇవ్వడంలో ఈ వివక్ష కూడదని చట్టం చేసింది 1974లో.

ఇంతవరకు చెప్పిన వాళ్లందరూ తెల్లవాళ్లే. నల్లజాతి అమ్మాయిలకు స్టెనో కుర్చీ కూడా అరుదే. షికాగోలో బార్బరా గార్డ్‌నర్ ప్రొక్టర్ 1963లో అడ్వర్టైజింగ్‌లోకి వచ్చింది. ఆ నగరంలో ఈ రంగంలోకి వచ్చిన తొలి నల్లజాతి మహిళగా ఆమెను చెబుతారు. దశాబ్దం చివర్లో, జుట్టుకి రాసుకునే ఒక నురగ ఉత్పత్తికి ఏజెన్సీ ఒక టీవీ ప్రకటన తలపెట్టింది. అప్పటి పౌరహక్కుల ప్రదర్శనలను వెక్కిరిస్తూ, ఆడవాళ్లు నురగ డబ్బాలు ఊపుకుంటూ వీధిలో పరిగెత్తాలి. తను చేయనంది, ఉద్యోగం పోయింది.

1970లో సొంత ఏజెన్సీ పెట్టింది, ప్రొక్టర్ అండ్ గార్డ్‌నర్. ప్రొక్టర్ అనేది ఎప్పుడో విడిపోయిన భర్త ఇంటిపేరు, గార్డ్‌నర్ ఆమె పుట్టింటి పేరు. రెండు పేర్లుంటే లోపల ఎక్కడో గార్డ్‌నర్ అనే మగ భాగస్వామి ఉన్నాడని క్లయింట్లు అనుకుంటారని అలా పెట్టింది. ఏజెన్సీకి పెట్టుబడి కోసం చిన్న వ్యాపారాలకు అప్పులిప్పించే ప్రభుత్వ సంస్థ దగ్గరికి వెళ్తే హామీగా ఏం పెడతావని అడిగారు. ఆస్తి ఏమీ లేదు. నన్నే హామీగా పెట్టుకోండి, నన్ను ఉద్యోగంలోకి తీసుకుంటే ఏడాదికి ఎంత జీతమిస్తారో ఏజెన్సీలను అడిగి చూడండి అని చెప్పింది. వాళ్లు అడిగారు. ఆ జీతాల లెక్క మీద 80,000 డాలర్ల అప్పు మంజూరైంది, జ్యువెల్ సూపర్ మార్కెట్లు, క్రాఫ్ట్ ఫుడ్స్ ఆమె క్లయింట్లయ్యాయి.